సలాలా తోట ఇంట్లో సాంబ్రాణి

నిన్న సాయంత్రం మా అమ్మాయి కంప్యూటర్ ఒళ్ళో పెట్టుకుని నా పక్కకి చేరి, "సిస్టరూ, ఇది చూడు" అంది. నాతో ఏదైనా పని పడితేనే సిస్టరంటుంది, లేకపోతే మామూలుగా అమ్మనే. నేను మస్కట్‌లో, మబేలాలో వాళ్ళ ఫ్లాటులో సోఫా మీద కాళ్ళు మడుచుకు కూర్చుని చిక్కుళ్ళకి ఈనెలు తీస్తున్నాను. చూశాను. ఇటలీలో ఏదో పల్లెటూళ్ళో రాతి గోడల ఇల్లు, ఎర్ర పెంకుల కప్పు, చుట్టూ ఆలివ్ చెట్లు, గుమ్మం దాకా పెరిగిన గడ్డి. వచ్చే సెలవులకి అద్దెకి తీసుకుంటున్నారట, నేనూ వెళ్ళాలట. "టీవీ లేదు, పక్కిల్లు లేదు, రోడ్డు ఎక్కడో ఉంది. ఒట్టి ప్రశాంతత" అని అది ఊరిస్తుంటే, వంటింట్లోంచి అల్లుడు "మనుషులే కనపడరట అత్తయ్యగారూ" అన్నాడు, లాటరీ తగిలినంత సంబరంగా. మనుషులు కనపడకుండా ఉండటానికి డబ్బులిచ్చే రోజులొచ్చాయి కాబోలనుకుని, కళ్ళద్దాలు సర్దుకుని బొమ్మలన్నీ వరసగా చూశాను. పడకగది చూశాను, పొయ్యి చూశాను. చివరికి ఒక్కటే అడిగాను.

"ఇంటి వెనకాల ఏవుందో కనుక్కున్నారా?"

"ఏవుంటుంది, గడ్డి."

"గడ్డి కింద?"

అది పకపకా నవ్వేసి కంప్యూటర్ మూసింది. నాకు నవ్వు రాలేదు. చిక్కుళ్ళ గిన్నె పక్కన పెట్టేసి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను.

ప్రశాంతంగా ఉంటుందని మేమూ ఒకప్పుడు ఇల్లు అద్దెకి తీసుకున్నాం. ఇటలీలో కాదు, ఇదే ఒమాన్‌లో, సలాలాలో. తొంభైల మొదట్లో మాట. అప్పట్లో మా సంసారం మూడు ముక్కలు. నేను సలాలాలో ఆసుపత్రి నర్సుని, ఆడవాళ్ళ వార్డులో. మావారు మస్కట్ దగ్గర ఘాలాలో ఒక కంపెనీ గరాజీలో స్టోర్‌కీపరు. మా ఇద్దరి మధ్యా రోజల్లా బస్సులో కూర్చుంటే గాని తరగని ఎడారి. పిల్లేమో పాలకొల్లు దగ్గర మా అమ్మ చేతిలో. ఏడాది నిండకముందే వదిలి వచ్చేశాను. సెలవుకి వెళ్ళినప్పుడల్లా అది మా అమ్మ చీర కుచ్చెళ్ళ వెనక నుంచి నన్ను చూసేది. మా అమ్మని అమ్మా అనేది. నన్ను మాత్రం, ఊళ్ళో అందరూ అన్నట్టే, సిస్టరు అనేది. సిస్టరుగారొచ్చారు, సిస్టరుగారు చాక్లెట్లు తెచ్చారు, సిస్టరుగారు వెళ్ళిపోయారు. అందులో పిల్ల తప్పేముంది, జరిగింది జరిగినట్టే చెప్పేది. నేను మాత్రం విమానం ఎక్కిన ప్రతిసారీ మొహం కిటికీ వైపు తిప్పుకుని ఏడ్చేదాన్ని.

దానికి అయిదేళ్ళు నిండాక విజిట్ వీసా మీద రప్పించాం. సెలవు నుంచి తిరిగొస్తున్న సిస్టరొకావిడ వెంటబెట్టుకొచ్చింది. మావారికీ నాకూ ఒక ఒప్పందం కుదిరింది. నెలాఖరుకి ఇంకో సిస్టరు ఇండియా వెళ్తోంది. ఆలోగా పిల్ల మాకు అలవాటు పడితే నేను మస్కట్‌కి బదిలీ అడగాలి, ముగ్గురం ఒక్కచోట ఉండాలి. పడకపోతే ఆవిడ వెంట తిప్పి పంపెయ్యాలి. బెంగ పెట్టుకుని చిక్కిపోతున్న పిల్లని మన ముచ్చట కోసం అట్టే పెట్టుకోకూడదని మావారి వాదన. తిరిగి పంపితే మళ్ళీ నా దగ్గరికి ఈ జన్మకి రాదని నా భయం. ఆ రెండింటి మధ్య నెలాఖరు పరిగెత్తుకొస్తోంది.

సరే, అలవాటు పడాలంటే ముందు ముగ్గురం ఒక చూరు కింద ఉండాలి కదా. మా సిస్టర్ల క్వార్టర్సులో మగవాళ్ళకి ప్రవేశం లేదు. మావారు వస్తే గేటు దగ్గర వాచ్‌మన్ పక్కన కుర్చీలో కూర్చుని నాతో కాపరం చెయ్యాలి. ఈ గొడవంతా మా వార్డులో ఒక ముసలావిడ చెవిన పడింది. తుంటి ఎముక విరిగి నెలల తరబడి మంచాన ఉన్న మనిషి, ముక్కుకి పెద్ద బంగారు పుడక, కళ్ళనిండా కాటుక. ఆవిడ్ని మళ్ళీ లేపి నడిపించింది నేనే. నా అరబ్బీ అంతా ఆసుపత్రి అరబ్బీ. ఎక్కడ నొప్పి, నోరు తెరువు, ఊపిరి పీల్చు. అవి గాక, 'షువై షువై' అంటే మెల్లిగా మెల్లిగా, 'లా తఖాఫీన్' అంటే భయపడకు. ఆ రెండు ముక్కలూ రోజూ వందసార్లు అంటూ ఆవిడ్ని వరండా చివరిదాకా నడిపించేదాన్ని. ఇంటికి వెళ్ళిపోయే రోజున ఆవిడ కొడుకుని పిలిచి నా సంగతి చెప్పింది. కొండల దిగువన వాళ్ళకి పాత తోట ఇల్లు ఒకటి ఖాళీగా ఉందట, సెలవు పెట్టుకుని వెళ్ళి ఉండమన్నారు. ఊరికే ఉండమంటే మావారు ఒప్పుకోలేదు, అద్దె అని పట్టుబట్టి ఇచ్చారు. మొగుడూ పెళ్ళాం ఉంటారని చెప్పాం. పిల్ల సంగతి వాళ్ళు అడగలేదు, మేం చెప్పలేదు.

మన రైతులు ఖరీఫ్ అంటే పంట అనుకుంటారు. సలాలాలో ఖరీఫ్ అంటే వాన. ఒమాన్ మొత్తం పెనంలా కాలుతున్న రోజుల్లో ఆ ఒక్క మూల మాత్రం సన్న జల్లు పడుతూ, మంచు కమ్ముకుని, కొండలు పచ్చబడతాయి. పచ్చదనం చూడక కళ్ళు కాయలు కాచిన మావారు బస్సు దిగీ దిగగానే, "ఇదేంటే, మన గోదారి గట్టు ఇక్కడికెలా వచ్చింది?" అన్నారు. ఇల్లు కూడా బాగానే ఉంది. రెండు రాతి గదులు, కట్టెల పొయ్యి ఉన్న చిన్న వంటగది, ముందు వసారా, ఒక చాప, రెండు పరుపులు. ముందు కాసిని కొబ్బరిచెట్లు, పక్కన మేక ఎక్కినా కూలిపోతుందనిపించే మట్టి గోడ. వెనకాల మటుకు నడుం ఎత్తు గడ్డి, కొండ దాకా. కనుచూపు మేర మరో కొంప లేదు. రోజంతా బోల్టులూ నట్టులూ లెక్క పెట్టుకునే మావారు వసారాలో నిలబడి చెవులు రిక్కించి, "ఏమీ వినపడ్డం లేదే" అన్నారు ఎంతో ఆనందంగా. ఆ ఆనందం రెండు రోజులు నిలిచింది.

పిల్ల మా దగ్గరికి రాదు. పిలిస్తే రెండో గదిలోకి పరిగెడుతుంది. అక్కడికీ వెళ్తే గుమ్మం దాటి బయటికి పరిగెడుతుంది. మావారు బిస్కెట్లు చాప మీద వరసగా పేర్చి, కోడిపిల్లని గూట్లోకి మళ్ళించినట్టు మళ్ళించాలని చూశారు. అది బిస్కెట్లన్నీ ఏరుకుని వెనక్కి పోయింది. నేను గట్టిగా పిలిచానా, ఉలిక్కిపడి ఎటు తోస్తే అటు దూకేది. నా గొంతంటే దానికి అంత భయం. ఒక్కటే వింత. గడ్డంతా తడిసి ముద్దగా ఉండేది, మేం అటు నాలుగడుగులు వేస్తే నడుం దాకా తడిసిపోయేవాళ్ళం. ఇది గంటల తరబడి వెనకాల ఎక్కడో ఆడుకుని వస్తే, పాదాలూ గౌను ముందు భాగమూ తడి, వెనక భాగం మాత్రం పొడి. "నీ కూతురు గాల్లో కూర్చుంటోందే" అని మావారు నవ్వితే నేనూ నవ్వాను.

సాయంత్రాలు మాత్రం వేరు. పొద్దు వాలేసరికి దోమలు. మా అమ్మ పొద్దు గూకే వేళ సాంబ్రాణి వేసేది, నాకూ అదే అలవాటు. ఇక్కడైతే ఆ చెట్లకి సలాలాయే పుట్టిల్లు. లుబాన్ అంటారు, మన సాంబ్రాణికి తాత. చిన్నప్పుడు మా చర్చిలో క్రిస్మస్ నాటకంలో నేను సాంబ్రాణి తెచ్చే జ్ఞానిని. పౌడరు డబ్బా పట్టుకుని నడిచాను. అసలు సరుకు ఏ మట్టిలో పుడుతుందో అక్కడికే వచ్చి బతుకుతానని అప్పుడేం తెలుసు. మజ్మర్ అని మట్టితో చేసిన రంగుల ధూపపు కుంపటి బజార్లో కొన్నాను. అందులో నిప్పులు వేసి, లుబాన్ నాలుగు పలుకులు వేసి వసారాలో కూర్చునేదాన్ని. పొగ లేచేసరికి గదిలో మూల ఉన్న పిల్ల కదిలేది. ఊళ్ళో మా అమ్మ తలంటి పోసి, దాన్ని నులక మంచం మీద పడుకోబెట్టి, జుట్టు కిందికి వేలాడదీసి కింద సాంబ్రాణి పొగ పెట్టేదట. ఆ వాసన దానికి అమ్మ వాసన. కానీ లేచి నడిచి నా దగ్గరికి రావడానికి రోషం అడ్డు. అందుకని, నేను రావట్లేదు సుమా అన్నట్టు, కూర్చున్నది కూర్చున్నట్టే పిర్రల మీద కాస్త కాస్త జరిగేది. ఆగేది, గోడ చూసేది, మళ్ళీ జరిగేది. చివరికి నాకు వీపు పెట్టి కూర్చుని, జుట్టు పొగ మీదికి వదిలేది. నేను మాట్లాడితే పోయింది. మాట్లాడకుండా ఆ జుట్టు వేళ్ళతో చిక్కుతీస్తూ ఉండేదాన్ని. రోజంతటికీ నాకు దక్కే బిడ్డ అంతే.

అలాంటి సాయంత్రమే ఇంటాయన వచ్చాడు. ముసలావిడ కొడుకు. నెరిసిన గడ్డం, తలకి గళ్ళ పాగా, చేతిలో సన్నటి కర్ర, ఎంతో నిదానం. మావారు చాప మీద కూర్చోబెట్టారు. పిల్ల లోపల నిద్రపోతోంది. నేను కంగారుగా వంటగదిలో దూరాను. వాళ్ళ మర్యాదలు నాకు తెలుసని నా నమ్మకం. ఈద్‌కి పేషెంట్లు పిలిస్తే సిస్టర్లం ఒకటి రెండు ఇళ్ళకి వెళ్ళాం, అతిథుల ముందు మజ్మర్ తిప్పుతుంటే చూశాను. ఏది ముందో ఏది వెనకో చూసే తీరిక మాకెక్కడిది, డ్యూటీకి వేళైపోతోందని ఎప్పుడూ గబగబా తిని లేచేవాళ్ళం. కాబట్టి అన్నిటికన్నా ముందు సాంబ్రాణి పట్టుకెళ్ళాను. బయట ఆయన అందరి క్షేమాలూ అడగడం ముగించి, గొంతు సవరించుకుని ఏదో చెప్పబోతున్నాడు. పొగ చూసి ఆగిపోయాడు. మావారి వైపు చూశాడు, నా వైపు చూశాడు. చేత్తో పొగని గడ్డంలోకి తోసుకుని, దేవుడికి స్తోత్రం చెప్పి, లేచి నిలబడ్డాడు. "అరే, కూర్చోండి, కాఫీ" అని మావారు హిందీలో వెంటపడ్డారు. ఆయన గుండె మీద చెయ్యి వేసుకుని వంగి, గుమ్మం దిగాడు. బండి ఎక్కబోయే ముందు ఇంటి వెనక్కి చాలాసేపు చూశాడు.

"ఇల్లు ఖాళీ చెయ్యమందామని వచ్చుంటాడే. మొహమాటపడి వెళ్ళిపోయాడు" అన్నారు మావారు. నాకూ అదే తోచింది. ఖాళీ చేస్తే ఆయన ఘాలాకి, నేను క్వార్టర్సుకి. పిల్ల నెలాఖరు కూడా ఆగక్కర్లేదు.

మర్నాడు అదే వేళకి బండి చప్పుడు. ఈసారి ఆయన నుదురు ముడిపడి ఉంది. మావారు వంటగది గుమ్మంలోకి వచ్చి గుసగుసగా, "బేగి తే. ఎక్కువ వెయ్యి. మర్యాదకి లోటు రాకూడదు" అన్నారు. గుప్పెడు వేశాను. వసారా అంతా పొగ. పాపం ఆ పెద్దమనిషి దగ్గాడు, కళ్ళు తుడుచుకున్నాడు, నోరు తెరిచాడు, మూశాడు, లేచాడు. చెప్పులు వేసుకోబోతూ గుమ్మం పక్కన మా అమ్మాయి చిన్న చెప్పులు చూశాడు. ఆ చెప్పుల నుంచి చూపు ఎత్తేసరికి పొగ వాసనకి లేచొచ్చిన పిల్ల తలుపు పక్కన నిలబడి ఉంది. ఆయన మొహం మారిపోయింది. కర్రతో ఇంటి వెనక్కి చూపించాడు, పిల్లని చూపించాడు, గబగబా ఏదో అన్నాడు. ఆ పరుగులో నా ఆసుపత్రి ముక్క ఒక్కటి దొరికింది, బింత్, ఆడపిల్ల అని. మావారు చేతులు కట్టుకుని, "బేబీ, గుడ్ బేబీ, నో ట్రబుల్" అని వంగి వంగి చెప్పారు. ఆయన తల పట్టుకుని, చీకటి పడకుండానే ఎక్కడికో అందుకోవాలన్నట్టు బండి విసురుగా తిప్పుకుని వెళ్ళిపోయాడు.

అయిపోయింది అనుకున్నాం. పిల్లని దాచి తెచ్చామని కోపం వచ్చింది, రేపు మనుషుల్ని తీసుకొచ్చి సామాను బయట పెట్టిస్తాడు.

తెల్లారేసరికి కొండ మీది మంచు ఇంటి మీదికి దిగింది. వసారాలోంచి కొబ్బరిచెట్లు కూడా కనపడ్డం లేదు. మావారు సూట్‌కేసు తీసి బట్టలు సర్దడం మొదలుపెట్టారు. "ఆయనొచ్చి పొమ్మనే దాకా ఎందుకు. పిల్లని కూడా పంపించేద్దామే. చూస్తున్నావుగా, అది మనకి రాదు" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఎలా వస్తుందండీ? కోడిపిల్లలకి వేసినట్టు బిస్కెట్లు వేస్తే వస్తుందా? మీకేం, ఘాలా వెళ్ళి బోల్టులు లెక్క పెట్టుకుంటారు" అన్నాను. "నేనా లెక్క పెట్టుకునేది? ఏడాది నిండని పిల్లని వదిలొచ్చింది నేనా?" అన్నారాయన. అనేశాక ఆయన మొహమే పాలిపోయింది. ఇద్దరం ఒకరి వంక ఒకరం చూడలేక తల తిప్పుకున్నాం. అప్పుడు చూశాను, చాప మీద పిల్ల లేదు. గుమ్మం పక్కన చెప్పులు లేవు.

ముందు గదుల్లో చూశాం, గోడ పక్కన చూశాం, కొబ్బరిచెట్ల దాకా పరిగెత్తి చూశాం. మంచులో మావారి గొంతు ఒకవైపు నుంచి, నా గొంతు ఇంకోవైపు నుంచి. పిలిస్తే రాదని తెలిసీ పిలుస్తున్నాం. ఇక మిగిలింది వెనక గడ్డి. నేను అటు తిరిగేసరికి బండి లైట్లు మంచులోంచి వచ్చి ఆగాయి. ఇంటాయన దూకాడు. వెనక కొత్త చెక్కల మీద కూర్చున్న మన మనిషొకతను కేక పెట్టాడు. "అక్కా, ఆగు! అటు వోకు! గడ్డి కింద బాయున్నది!"

తెలుగే గాని ఆ మాట నా తలకెక్కలేదు. నేను గడ్డిలోకి అడుగు వేసేశాను. ఎవరో నా మోచేతికి వెనక నుంచి కర్ర వంపు తగిలించి లాగారు. ముసలావిడ. ఆ తుంటితో బండి ఎలా దిగిందో, అంత దూరం ఎలా నడిచిందో. నా చెయ్యి పట్టుకుని, నా కళ్ళలోకి చూస్తూ, నేను ఆవిడకి వార్డులో చెప్పిన ముక్కలే నాకు అప్పజెప్పింది. "షువై షువై. లా తఖాఫీన్." కొత్త పెళ్ళికూతురిగా ఆవిడ నీళ్ళు తోడిన బావి అది. గడ్డిలో కర్ర పొడిచి చూసుకుంటూ ఆవిడ ముందు, ఆవిడ అడుగులో అడుగు వేస్తూ నేను. నడిపించినదాన్ని నడిపిస్తోంది.

పాత చేదబావి. పంపు వచ్చాక ఎవరూ వాడక, పైన చెక్కలు పరిచి వదిలేశారు. ఏడాదికేడాది ఖరీఫ్ వానకి అవి పుచ్చిపోయాయి. చుట్టూ గడ్డి పెరిగి గట్టు కనపడకుండా కమ్మేసింది. కిందటేడు ఒక ఆవు కాలు దిగబడిందట. మంచు కాస్త పలచబడేసరికి కనపడింది. ఆ చెక్కల నడిమధ్య, తడి గడ్డి మధ్యలో అరుగులా పైకి లేచిన ఆ చోట, బిస్కెట్లు పేర్చుకుని మా అమ్మాయి కూర్చుని ఉంది. దాని గౌను ఎందుకు పొడిగా ఉండేదో అప్పుడు తెలిసింది.

మావారు అరవబోయారు. నేను ఆయన నోరు మూసేశాను. పిలిస్తే అది లేచి దూకుతుంది. చెక్కలు పట్టుకుని ఇంటాయనా, నన్ను అక్కా అని కేకేసిన ఆ తమ్ముడూ రెండడుగులు ముందుకి రాగానే పిల్ల బెదిరి సగం లేచింది. దాని కింద చెక్క కిర్రుమంది. ముసలావిడ కర్ర ఝళిపించి మగవాళ్ళందరినీ వెనక్కి, మంచులోకి తరిమేసింది. ఇక అటు పిల్ల, ఇటు ముసలావిడా నేనూ. నేను రమ్మంటే రాని పిల్ల. నడిచి వస్తే చచ్చిపోయే పిల్ల. దేవా అనుకున్నాను, అంతకన్నా పెద్ద ప్రార్థన నాకు రాలేదు. అప్పుడు పొయ్యిలో నిప్పులు గుర్తొచ్చాయి.

వెనక్కి వెళ్ళి మావారి చెవిలో చెప్పాను. ఆయన ఇంట్లోకి పరిగెత్తి మజ్మర్‌లో నిప్పులు వేసి, లుబాన్ పొట్లంతో సహా తెచ్చి, మా వెనకాల పెట్టి తప్పుకున్నారు. ఆయన చేతులు కాలాయని నాకు మర్నాడు గాని తెలియలేదు. ముసలావిడ కర్రతో కొట్టి చూపించిన గట్టి నేల మీద, బావి అంచున, మజ్మర్ పక్కన పెట్టుకుని నేను కూర్చున్నాను. నాలుగు పలుకులు వేశాను. పిల్ల వైపు చూడలేదు. చూస్తే రాదు. రోజూ సాయంత్రం కూర్చున్నట్టే పక్కకి తిరిగి కూర్చుని, చెయ్యి ఖాళీగా ఒళ్ళో పెట్టుకున్నాను. ఆ తడి గాలిలో పొగ పైకి లేవలేదు, నేల మీదే పాకి చెక్కల వైపు పోయింది. కాసేపటికి చెక్క మీద గౌను రాసుకున్న చప్పుడు. ఆగింది. గోడ లేదు కాబట్టి కొండ వైపు చూస్తుంటుంది అనుకున్నాను. మళ్ళీ చప్పుడు. ముసలావిడ నా భుజం పట్టుకున్న పట్టు బిగిసింది. లేవకే తల్లీ, నీ రోషం నీకుండనీ, కూర్చునే రా, నా వైపు చూడకుండానే రా. ఎప్పుడూ ఏ రోషాన్ని తిట్టుకున్నానో ఆ రోషాన్నే ఆ పూట వేడుకున్నాను.

చిన్న వీపు నా మోకాలికి తగిలింది. జుట్టు పొగ మీదికి పడింది. అప్పుడు పట్టుకున్నాను, నడుం దగ్గర గౌను గుప్పిట్లోకి తీసుకుని, రెండు చేతులా, దాని ఊపిరాడనంతగా. అది ఏడవలేదు, పారిపోలేదు. కాస్త ఊపిరి తీసుకుని, "సిస్టరూ, ఇంకొంచెం వెయ్యి" అంది. వేశాను. ఉన్నదంతా వేశాను. ఇంటాయన వచ్చి కర్రతో ఆ మధ్య చెక్కని ఒక్క పోటు పొడిచాడు. అది విరిగి బిస్కెట్లతో సహా లోపలికి పోయింది. నీళ్ళలో పడిన చప్పుడు మాకు ఆలస్యంగా వినపడింది. మావారు అక్కడే తడిగడ్డిలో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చారు.

మధ్యాహ్నానికి బావి మీద కొత్త చెక్కలు పడ్డాయి. చెక్కలు బిగించిన తమ్ముడిది జగిత్యాల. వసారాలో కూర్చుని అసలు సంగతి అతనే చెప్పాడు. "అక్కా, ఈడ ఇంటికొచ్చినోళ్ళకు ముందుగాల ఖర్జూరం వెడ్తరు, కహ్వా వోస్తరు. తీరువాటంగ ముచ్చట జేస్తరు. పొగ ఆఖరుకు తెస్తరు. పొగ వచ్చిందంటే ఇగ లేవుండ్రి అన్నట్టు. నువ్వేమో కూసోంగనే తెస్తివి. ఆయన బాయి ముచ్చట చెప్పనీకె రెండుసార్లు వచ్చిండు, రెండుసార్లు నువ్వు ఎల్లగొడితివి. ఇంట్ల పోరి ఉన్నదని నిన్న తెలిసినంక ఆయనకు నిద్రలేదు. చెక్కల కోసం, నా కోసం ఊరంత తిరిగిండు." మా మొహాలు చూసి జాలిపడ్డాడేమో, "ఫికర్ జెయ్యకు, నేను సుత కొత్తల మా అరబాబును, గదే మా సేటును, గట్లనే ఎల్లగొట్టిన" అన్నాడు. అతను మాకేం చెప్తున్నాడో ఇంటాయన అడిగి తెలుసుకుని, గడ్డంలోంచి నవ్వాడు. ఖాళీ చెయ్యమనే ఆలోచనే ఆయనకి లేదు. పొమ్మన్నది మేము, అదీ మర్యాద చేస్తున్నామనుకుంటూ.

ఆ రోజు అన్నీ వరస ప్రకారం చేశాను. ఖర్జూరం, కహ్వా అనే వాళ్ళ కాఫీ, మళ్ళీ కహ్వా. మజ్మర్ కనపడకుండా వంటగదిలో బోర్లించాను. వాళ్ళు సాయంత్రం దాకా కూర్చున్నారు. ముసలావిడ నా కూతుర్ని ఒళ్ళో వేసుకుని చేతులకి ఏదో రాస్తూ కూర్చుంది. పొద్దు వాలింది. పిల్ల దిగి లోపలికి వెళ్ళింది. తనకి వేళయిందని, మజ్మర్ రెండు చేతులా మోసుకొచ్చి అందరి మధ్యా పెట్టి, నా ముందు వీపు పెట్టుకుని కూర్చుంది. ఇంటాయన నా వంక చూశాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ముసలావిడ పళ్ళు లేని నోరంతా తెరిచి నవ్వి, కర్ర పట్టుకుని లేచింది. ఇంటి వాళ్ళు వెళ్ళమన్నాక ఆగకూడదుగా మరి.

నెలాఖరుకి ఆ సిస్టరు ఒంటరిగానే ఇండియా వెళ్ళింది. నేను మస్కట్‌కి బదిలీ అడిగాను, ఆలస్యమైనా వచ్చింది. అమ్మా అని పిలవడానికి మా అమ్మాయి ఇంకా చాలా రోజులు తీసుకుంది. మొదటిసారి ఎప్పుడు పిలిచిందో నాకు గుర్తులేదు. గుర్తుంచుకోవాల్సిన మాటే, కానీ నేను అప్పటికే దానికోసం ఎదురుచూడడం మానేశాను.

ఇవాళ పొద్దున అది అప్పుడే సూట్‌కేసులో బట్టలు పెడుతుంటే చూశాను. ఒక మూల చిన్న కాగితం పొట్లంలో లుబాన్ పలుకులు. "ఇదెందుకే?" అన్నాను. "పల్లెటూరు కదా, దోమలుంటాయి. పైగా ఆ వాసన లేకపోతే సెలవులా అనిపించదు. చిన్నప్పుడు సలాలాలో మనం ఒక ఇంట్లో ఉన్నాంగా, పచ్చటి ఇల్లు, నువ్వు రోజూ నా జుట్టుకి పొగ వేసేదానివి. ఎంత ప్రశాంతంగా ఉండేదో" అంది. బావి సంగతి దానికి గుర్తులేదు. నేను పక్కనే మంచం మీద కూర్చుని, పొట్లం విప్పి మళ్ళీ గట్టిగా కట్టి ఇచ్చాను. ఒకే పొద్దుని కాలం ఇద్దరికీ పంచింది. బావి నా వాటాకి వచ్చింది, పొగ దాని వాటాకి వెళ్ళింది, ఇంతకన్నా మంచి పంపకం నాకు తెలియదు.